మైక్రోవేవ్ లో స్ఫటికాలు, మా తమ్ముడి ఇరవై రోజులు

మొన్నామధ్య మా ఇంటి ఓనరు ఆంటీ మెట్ల మీద ఆపి "మీ తమ్ముడు ఏం చేస్తడు బాబూ? పొద్దున పోతే రాత్రి పదింటికి వస్తడు" అని అడిగింది.

"స్ఫటికాలు పెంచుతాడండీ" అన్నాను, ఆఫీసుకి టైమైపోతోంది కదా అని క్లుప్తంగా.

ఆవిడ ఓ క్షణం ఆలోచించి "మంచిదే. మా వియ్యపురాలు స్ఫటిక మాల కోసం చూస్తాంది. ఒకటి చెప్పు, పైసలు నేనే ఇస్తా" అంది.

నవ్వకండి. నేను కూడా ఇన్నాళ్ళూ ఆవిడ కంటే గొప్పగా ఏమీ అర్థం చేసుకోలేదు. వాడు మా బాబాయి కొడుకు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పరీక్ష పాసై, పీహెచ్‌డీలో చేరాడు. ఎల్బీనగర్ లో రింగు రోడ్డుకి కాస్త లోపలగా నేనుండే రెండు గదుల పోర్షన్ లోనే ఉంటాడు. నేను పొద్దున్నే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం పోతాను. వాడు ల్యాబుకి పోతాడు. ఏ ల్యాబు అని అడక్కండి. వాడికి ఏడు నెలల ఫెలోషిప్పు ఆగిపోయి ఉంది, పేరు చెప్పి వాడికి కొత్త తలనొప్పి తేవడం ఎందుకు!

అసలు గొడవ అక్కడే మొదలైంది. బాబాయి ఫోన్ చేశాడు. "నాలుగేండ్లయింది. ఇంకా సదువుతనే ఉన్నడు. చెల్లె పెండ్లి అప్పు అట్లనే ఉన్నది. నువ్వన్న చెప్పు, వాణ్ణి మీ సాఫ్ట్‌వేర్ల పెట్టియ్యి" అన్నాడు. బాబాయి మాట తీసెయ్యలేను. నేను బీటెక్ చదివేటప్పుడు రెండు సార్లు ఫీజు కట్టింది ఆయనే, అదీ పత్తి అమ్మిన డబ్బుల్తో.

కాబట్టి నేను చెయ్యాల్సింది చేసేశాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. బీటెక్ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా ఎనిమిది నెలలు అక్కడే హాస్టల్లో ఉన్నాను కాబట్టి ఏ సందులో ఏ కోచింగ్ ఉందో నాకు కొట్టిన పిండి. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, ఎస్సై, జావా... మెట్రో స్తంభాల మీద కూడా ఖాళీ లేకుండా బోర్డులు. ఒక బోర్డు మీద "నలభై అయిదు రోజుల్లో డేటా సైన్స్" అని ఉంది. నలభై అయిదు రోజుల్లో! నాలుగేళ్ళ నుంచీ వీడు ఏం చేస్తున్నట్టు? వాడిని అడక్కుండానే మొదటి వాయిదా పదిహేను వేలు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

వాడు రసీదు చూశాడు. కోప్పడలేదు. అది ఇంకా బాధ.

"ఇరవై రోజులు ఆగన్నా" అన్నాడు.

"ఇరవై రోజుల్లో ఏమైతది రా?"

"ఒక్క స్ఫటికం వస్తే సాలు. ఉప్పు రవ్వల సగం ఉన్నా సాలు. రాకపోతే నువ్వు చెప్పిన దాంట్ల చేరత."

ఉప్పు రవ్వలో సగం కోసం నాలుగేళ్ళా? ఆ రాత్రి కరెంటు పోయింది. టెర్రస్ మీద కూర్చుని చెప్పమన్నాను. మొదటిసారి అడిగాను, సిగ్గుపడుతూనే రాస్తున్నా. నాకు అర్థమైనంతలో మీకూ చెప్తాను. కెమిస్ట్రీ ఇంటర్ తోనే వదిలేసిన వాళ్ళు భయపడొద్దు, నేనూ మీ బాపతే.

వాడు చేసేవాటిని మాఫ్ అంటారు. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్ కి పొట్టి పేరు. (బాబాయికి ఈ పేరు చెప్తే "రుణమాఫీ గిట్లనా?" అన్నాడట.) కట్టే బిల్డింగు చుట్టూ పరంజా చూశారు కదా. పైపులు, పైపుల్ని కలిపే బిగింపులు. మాఫ్ కూడా అంతే. పైపుల చోట కర్బన అణువులు, బిగింపుల చోట లోహపు అయాన్లు. సగం సేంద్రియం, సగం నిరింద్రియం. మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీలోనే ఉంది విషయమంతా. చెంచాడు పొడిలోని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత వస్తుందట. ఆ గదుల్లో గ్యాసు దాచొచ్చు, నీటి ఆవిరిని పట్టొచ్చు, విషాన్ని వడకట్టొచ్చు.

2025 కెమిస్ట్రీ నోబెల్ వీటికే వచ్చింది. రిచర్డ్ రాబ్సన్, సుసుము కిటగావా, ఒమర్ యాఘీ. యాఘీ జోర్డాన్ లో ఒక పాలస్తీనా శరణార్థి కుటుంబంలో పుట్టాడు. కరెంటూ కుళాయీ లేని ఒక్క గది ఇల్లు. ఆయన బృందమే తర్వాత ఎడారి గాలిలోంచి మాఫ్ తో నీళ్ళు తీసి చూపించింది. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసబెట్టిన ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల వాళ్ళకి ఆ మాట విలువ వేరే చెప్పాలా?

కానీ నాకు బాగా తగిలింది రాబ్సన్ కథ. 1974లో మెల్‌బోర్న్ లో పిల్లలకి పాఠం చెప్పడానికి చెక్క బంతులకి బెజ్జాలు వేయించి, పుల్లలు గుచ్చి అణువుల నమూనాలు చేస్తుంటే ఆయనకి ఈ ఆలోచన తట్టింది. బెజ్జాలు సరైన చోట ఉంటే పుల్లలు వాటంతట అవే సరైన ఆకారంలో కూర్చుంటున్నాయి కదా, నిజం అణువులతో ఎందుకు చెయ్యకూడదు అని. రాగి అయాన్లతో చేసి పేపరు వేసింది 1989లో. నోబెల్ వచ్చింది ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో. మధ్యలో చాలామంది ఇవి పేక మేడలు, ఇట్టే కూలిపోతాయి, పనికిరావు అన్నారు. మన స్టాండప్ మీటింగులో అయితే రెండో వారమే ఆ టికెట్ మూసేసి ఉండేవాళ్ళం.

సరే, మైక్రోవేవ్ సంగతి. మాఫ్ తయారు చెయ్యాలంటే మామూలుగా లోహపు లవణాన్నీ, కర్బన ఆమ్లాన్నీ ఒక ద్రావణిలో కలిపి, గట్టిగా మూత బిగించి, ఓవెన్ లో గంటల కొద్దీ, ఒక్కోసారి రోజుల కొద్దీ ఉంచాలి. వేడి గిన్నె గోడ నుంచి లోపలికి మెల్లగా పాకుతుంది. మైక్రోవేవ్ అలా కాదు. సెకనుకి సుమారు రెండు వందల నలభై అయిదు కోట్ల సార్లు ఊగే తరంగం లోపలి ద్రవంలోకి నేరుగా వెళ్ళి, నీళ్ళలాంటి ధ్రువ అణువుల్ని అటూ ఇటూ తిప్పుతుంది. ద్రవం తనంతట తనే వేడెక్కుతుంది. మన ఇళ్ళలో ఉప్మా వేడి చేసే పెట్టె చేసేదీ అదే. 1986లో మొదట ఆర్గానిక్ రసాయన చర్యలు దీంట్లో చేసిన వాళ్ళు కూడా వంటింటి మైక్రోవేవ్ లే వాడారు. (మీరు మాత్రం చెయ్యకండి. మూత బిగించిన సీసా మైక్రోవేవ్ లో పెడితే అది బాంబే. ఇప్పుడు ల్యాబుల్లో ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచే ప్రత్యేకమైనవి ఉంటాయి.) 2006లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇద్దరు మాఫ్ స్ఫటికాల్ని మైక్రోవేవ్ తో అర నిమిషంలోపే తెప్పించారు. గంటల పని!

"మరింకేం రా, మైక్రోవేవ్ లో పెట్టెయ్" అన్నాను, పెద్ద మేనేజర్ లాగా.

"పెట్టిన కదన్నా. రెండేండ్ల కిందనే వచ్చింది. పది నిమిషాల్ల గ్రాములు గ్రాములు వస్తది. కానీ పొడి వస్తది."

ఇక్కడే ఉంది తిరకాసు. పూస నెయ్యి తెలుసు కదా. కాచిన నెయ్యిని మెల్లగా చల్లారనిస్తే మంచి పూస కడుతుంది. తొందరపడి ఫ్రిజ్ లో పెడితే మైనం ముద్దలా గడ్డ కడుతుంది, పూస ఉండదు. పటిక బెల్లం దారం చుట్టూ అంతంత పలుకులుగా ఎందుకొస్తుంది? రోజుల తరబడి కదపకుండా ఉంచుతారు కాబట్టి. స్ఫటికం పుట్టాలంటే ముందు ఒక చిన్న బీజం పుట్టాలి. మైక్రోవేవ్ లో ద్రవమంతా ఒకేసారి వేడెక్కేసరికి లక్షల బీజాలు ఒకేసారి పుడతాయి. ఉన్న సరుకు లక్ష మంది పంచుకుంటారు, ఎవరూ పెద్దగా పెరగరు. అన్నీ ఒకే సైజులో, సన్నటి పొడి. మెల్లగా చేస్తే కొన్ని బీజాలే పుడతాయి, పుట్టినవి తిని పెరుగుతాయి.

పొడి తప్పు కాదు. నీళ్ళు వడకట్టడానికి పొడే కావాలి. కానీ ఆ పొడి లోపల పరంజా ఎలా ఉందో తేల్చి చెప్పాలంటే ఎక్స్‌రే కింద పెట్టడానికి ఒక్కటంటే ఒక్కటి, మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా సరే, లోపం లేని స్ఫటికం కావాలి. పొడితోనూ నిర్మాణం తేలుస్తారుట గానీ కొత్త పదార్థానికి అది మహా కష్టం. వీడి పేపరు రెండు సార్లు వెనక్కొచ్చింది. రెండు సార్లూ ఒకటే ప్రశ్న: నువ్వు తయారు చేశానంటున్నది అదేనని ఏమిటి రుజువు?

ఈ మాట నాకు బాగా అర్థమైంది. కోడ్ నడుస్తోంది గానీ ఎందుకు నడుస్తోందో తెలీదు. మన వాళ్ళం దాన్ని ప్రొడక్షన్ లో పెట్టేస్తాం. వాళ్ళు పెట్టనివ్వరు.

"అయినా ఇదే ఎందుకు పట్టుకున్నవ్ రా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాయనమ్మ యాదికున్నదా?" అన్నాడు.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ పక్క వాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా నాయనమ్మ చివరి పదేళ్ళూ నడుము నిలబెట్టలేదు. మనవళ్ళ మొహం చూడాలంటే మంచం మీద పక్కకి ఒరిగి చూసేది. ఆ నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తియ్యడానికి 1970లలో నాగపూర్ నీరీ సంస్థ వాళ్ళు పటిక, సున్నంతో ఒక పద్ధతి కనిపెడితే దానికి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరే ఉంది. ఊరికి పేరొచ్చిందని సంతోషించాలో ఏడవాలో తెలీదు.

జిర్కోనియం, అల్యూమినియం తో చేసిన కొన్ని మాఫ్ లు నీళ్ళలోని ఫ్లోరైడ్ ని పట్టుకుంటాయని ఇప్పటికే పేపర్లు వచ్చాయి. బిగింపు దగ్గర ఉన్న హైడ్రాక్సైడ్ ని బయటికి నెట్టి ఆ చోట్లో ఫ్లోరైడ్ కూర్చుంటుంది. వీడిది ఆ కుటుంబంలో కొత్తది, జిర్కోనియం తో.

"మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నయి కదరా ఊర్లె" అన్నాను.

"వస్తున్నయి. మంచిగైంది. నాది గా ఊరికి ఎక్కకపోవచ్చు అన్నా. ఇంకోకాడ పనికొస్తదేమో. రాకపోవచ్చు కూడా" అన్నాడు. అమ్మకానికి పెట్టిన మాటలా లేదు అది. మా కంపెనీలో ఏ ప్రెజెంటేషన్ లోనూ 'రాకపోవచ్చు కూడా' అనే స్లయిడ్ నేను చూడలేదు.

ఇరవై రోజులూ ఆగుదామని బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "నిన్ను సెప్పమంటే వాడే నీకు సెప్పిండా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వాడి ప్లాన్ ఏంటంటే, అదే మిశ్రమంలో ఫార్మిక్ ఆమ్లం బాగా ఎక్కువగా కలపడం. చీమ కుడితే మండేది అదే. అది పోయి లోహపు బిగింపుల్ని ముందే పట్టుకుని కూర్చుంటుంది. అసలు అణువు రావాలంటే దాన్ని లేపి కూర్చోవాలి. లేపడం, కూర్చోవడం, తప్పుగా కూర్చుంటే మళ్ళీ లేవడం... అలా పని మందగిస్తుంది. మందగిస్తేనే స్ఫటికం సాపుగా పెరుగుతుంది. కావాలని అడ్డం పెట్టుకోవడం అన్నమాట. ఇరవై నాలుగు సీసాలు, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు, ఓవెన్ లో తొమ్మిది రోజులు.

అన్ని హైబ్రిడ్ పదార్థాలూ ఇలాగే ఉంటాయనుకోకండి. సోలార్ సెల్స్ లో వాడే సీసపు పెరోవ్‌స్కైట్లు ఉన్నాయి. 2009లో జపాన్ లో మియసాకా బృందం చేసినప్పుడు సామర్థ్యం 3.8 శాతం, ఇప్పుడు 26 దాటింది. వాటిని కొన్ని ద్రావణుల్లో చల్లబరిస్తే కాదు, వేడి చేస్తే స్ఫటికాలు వస్తాయి, అదీ గంటల్లో. 2015లో సౌదీలోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ వాళ్ళు చూపించారు. అంటే నిదానమే ప్రధానం అని సామెత చెప్పేసి చేతులు దులుపుకోవడానికి కూడా లేదు. ఏ పదార్థం స్వభావం దానిది.

నాకూ చెయ్యి ఊరుకోలేదు. "నేనొకటి పెంచుతా, ప్రమాదం లేనిది చెప్పు" అన్నాను. రాగి తీగ ముక్కలు, వెనిగర్, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం. గాజు సీసాలో పోసి, మూత బిగించకుండా, గాలి ఆడేలా బాల్కనీలో పెట్టు అన్నాడు. వంట గిన్నెలు వద్దు, చేతికి గ్లవ్స్ వేసుకో, అది విషం, సింకులో పారబోయకు అని నాలుగు సార్లు చెప్పాడు. నాలుగో రోజుకి నీళ్ళు నెమలి కంఠం రంగుకి తిరిగాయి. ఓనరు ఆంటీ చూసి "ఇదేంది, చిలుము నీళ్ళా?" అంది. నూటికి నూరు మార్కులు! రాగి చెంబులో పులుసు పెడితే పట్టే చిలుములో ఉండేది ఇదే జాతి. అందుకే కదా ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించేది. కాపర్ ఎసిటేట్. రెండు రాగి అయాన్లు, చుట్టూ నాలుగు ఎసిటేట్ లు, గాలిమర రెక్కల్లా. 1999లో హాంకాంగ్ లో చేసిన ఒక పేరున్న మాఫ్ లో బిగింపు సరిగ్గా ఇదే గాలిమర. మన అమ్మమ్మలు పీచు పెట్టి తోమి పారేసినదాంట్లో నోబెల్ సరుకు తాలూకు ముక్క ఉందన్నమాట.

సీసాలోది రెండు భాగాలు చేశాను. సగం గాజు పళ్ళెంలో పోసి టెర్రస్ మీద ఎర్రటి ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఎండిపోయి పచ్చటి పొడి, అట్టు కట్టింది. మిగతా సగం గ్లాసులో పోసి, కాగితం కప్పి, నీడలో పెట్టి మర్చిపోయాను. మర్చిపోయాను అంటే అబద్ధం. రోజుకి పది సార్లు చూశాను. కదిపితే పాడవుతుందని వాడు తిట్టేవాడు.

తొమ్మిదో రోజు వాడి మొదటి ఇరవై నాలుగు సీసాలూ తీశారు. ఒక్కదాంట్లో కూడా ఏమీ లేదు. కొన్నింట్లో పొడి, కొన్నింట్లో వట్టి నీళ్ళు. రాత్రి వచ్చి తినకుండా పడుకున్నాడు. రసీదు మీద ఉన్న చేరే తేదీ ఆ సోమవారమే. నేను గుర్తు చెయ్యలేదు. మంగళవారం పొద్దున్న వాడు మామూలుగానే టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్ళి ఇంకో ఇరవై నాలుగు పెట్టొచ్చాడు.

ఇరవయ్యో రోజు సాయంత్రం నేను మెట్రోలో మూసారాంబాగ్ దాటుతుండగా వాట్సాప్ లో ఫోటో వచ్చింది. మైక్రోస్కోపు కింద, నల్లటి వెనకాల మీద, ఎనిమిది ముఖాలున్న చిన్న గాజు తునకలాంటిది. కింద ఏమీ రాయలేదు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేను ఎనిమిదేళ్ళ సర్వీసులో చేసిన ఏ రిలీజుకీ ఇలా అనిపించలేదు, నిజంగా.

ఇరవై నాలుగింటిలో మూడు సీసాల్లో వచ్చాయి. వాటిలో ఎక్స్‌రేకి పనికొచ్చింది ఒకటి. దాని నిర్మాణం తేలింది. ఆ నిర్మాణం నుంచి పొడి ఇవ్వాల్సిన ఎక్స్‌రే గీతలు లెక్క కట్టి, రెండేళ్ళ కిందటి మైక్రోవేవ్ పొడి గీతల పక్కన పెట్టారు. సరిపోయాయి. అంటే పది నిమిషాల పొడి మొదటి నుంచీ సరైనదే. కానీ అది సరైనదని చెప్పింది మాత్రం ఇరవై రోజుల స్ఫటికం.

ఇక్కడ సినిమాలో అయితే శుభం కార్డు పడాలి. పడలేదు. పేపరు పంపారు, జవాబు రాలేదు. ఫెలోషిప్పు ఇంకా రాలేదు. ఇంటద్దె నేనే కడుతున్నా, చెల్లి పెళ్ళి అప్పు వడ్డీ కూడా ఈ ఏడాదికి నేను చూసుకుంటానని బాబాయికి చెప్పాను. "వాని సదువు నీ మెడకు సుట్టుకున్నది" అన్నాడాయన. ఒకప్పుడు నా చదువు ఆయన మెడకి చుట్టుకుంది కదా. ఆ మాట అనలేదు గానీ, ఆయనకి గుర్తొచ్చినట్టుంది, కాసేపాగి "సరే తియ్" అన్నాడు.

నలభై అయిదు రోజుల కోర్సుల్ని నేను వెక్కిరించడం లేదు. నేను వచ్చింది ఆ దారిలోనే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నలుగురం ఒకే గదిలో, ఎనిమిది నెలల్లో అన్నం పెట్టే విద్య నేర్చుకున్నాం. త్వరగా, ఒకే సైజులో, లక్షల మంది. లోకానికి పొడి కావాలి. నేను అనేది ఒకటే. ఇంట్లో ఒకడు నిదానంగా చేసే పని పట్టుకుంటే వాణ్ణి కదపకుండా ఉంచే వాళ్ళు కూడా ఒకరుండాలి. నేను కదిపాను, పదిహేను వేలు కట్టి మరీ.

అన్నట్టు ఆ పదిహేను వేలు వెనక్కి ఇవ్వమన్నారు. పేరు మార్చుకోవచ్చుట. మా ఆఫీసులో ఏఐ పేరు చెప్పి ఈ మధ్య రెండు టీములు తీసేశారు. కాబట్టి ఇప్పుడు శని, ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్ లో ఆ డేటా సైన్స్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటున్నది నేనే. పక్కన అందరూ ఇరవై రెండేళ్ళ పిల్లలు, నన్ను "అన్నా" అంటారు.

గ్లాసులో నా కాపర్ ఎసిటేట్ కూడా వచ్చింది. ముదురు నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో, పెద్దది మిరియం గింజంత. చిన్న సీసాలో వేసి మూతపెట్టి మానిటర్ పక్కన పెట్టుకున్నాను. ఓనరు ఆంటీ చూసి పెదవి విరిచింది. మాలకి బెజ్జం పడదట.